పులుల యడవికి ఒక్కదినపు యాత్ర

మహానగరములలో నివసించువారు వారమంతయు పనులలో మునిగియుండి, తీరిక చిక్కిన దినమున సమీపమందలి రక్షితవనమును చూచి, సాయంకాలమునకు ఇల్లు చేరుట నేడు దేశదేశములందును వాడుకయైనది. ఆఫ్రికాఖండమున నైరోబీ నగరపు టంచుననే 1946లో స్థాపింపబడిన జాతీయవనమున సింహములు సంచరించుచున్నవి. బొంబాయి నగరమున ఇండ్ల వరుసల కానుకొనియున్న వనమునందు చిరుతపులులు కాపురమున్నవి. హైదరాబాదు వారికి ఒక్కదినములో పోయి రాదగిన మహారణ్యము మన నల్లమల కొండలలోని అమ్రాబాదు అడవి. ఈ యడవి మన నల్లగొండ, మహబూబునగరు సీమలలోనిదే. అయినను మన పిల్లలలో పెక్కుమంది శ్రీశైలము పోవు బస్సులో కునుకుచు దీనిని దాటిపోవుదురేగాని, దిగి చూచినవారు కొద్దిమంది. కావున ఆ యాత్ర ఎట్లు జరుగునో, అచ్చట చూడదగిన దేమో, చూచువారి విధి యేమో ఈ వ్యాసమున వివరింపబూనితిమి.

మొదట కొన్ని మాటల యర్థము తెలిసికొనవలెను. 1972లో పుట్టిన వన్యప్రాణి సంరక్షణ శాసనము ననుసరించి జాతీయవనము, అభయారణ్యము అని రెండు విధములైన రక్షితస్థలము లేర్పడినవి. జాతీయవనమున పశువులను మేపరాదు. అందులో ఎవరికిని ప్రత్యేకమైన హక్కులు నిలువవు. అభయారణ్యమున కొన్ని హక్కులు నిలిచియుండవచ్చును. పులుల సంరక్షణ ప్రదేశ మనునది మూడవది. ఇందు పులులకు ముఖ్యనివాసమగు నడిమిభాగ మొకటియు, దాని చుట్టును జనులును మృగములును కలసి మనుటకు వీలగు వెలిభాగ మొకటియు ఉండును. తెలంగాణమున జాతీయవనములు మూడు గలవు. కాసు బ్రహ్మానందరెడ్డి వనము, మహావీర హరిణ వనస్థలి, చిలుకూరు చెంతనున్న మృగవని అనునవి ఆ మూడును. ఇవన్నియు హైదరాబాదు నగరములోనో, దాని దాపుననో ఉన్నవి. వానిలో జింకలు, నెమళ్లు కనబడును గాని పులి లేదు. పులి తిరుగు అడవిని చూడగోరువారు అమ్రాబాదునకు రావచ్చును. జనులు వాడుకలో దీనిని కూడ జాతీయవనమని యందురు గాని, శాసనమునుబట్టి ఇది పులుల సంరక్షణ ప్రదేశము.

ఈ యడవి చరిత్ర చిత్రమైనది. తొల్లి ఇది నిజాము ప్రభువులకు వేటభూమి. వారు వేసవిలో విడిసిన స్థలమునకు ఫరహాబాదని పేరు. ఫరహ యనగా సంతోషము. అచ్చటి వేటమందిరపు శిథిలములు నేటికిని కలవు. పులిని చంపుట గౌరవముగా నెంచిన ఆ కాలము గడచి, పులిని కాపాడుట గౌరవమని యెంచు కాలము వచ్చినది. 1973లో భారతప్రభుత్వము పులుల సంరక్షణ పథకము నారంభించెను. 1983లో కృష్ణకు ఇరుదరులనున్న నల్లమల, నాగార్జునసాగరు–శ్రీశైలము అను పేరున ఆ పథకములో చేరెను. 2014లో రాష్ట్రము రెండుగా నైన పిదప, నదికి ఉత్తరపు దరినున్న భాగము 2015లో అమ్రాబాదు పేరున వేరుపడినది. దీని వైశాల్యము సుమారు 2,611 చదరపు కిలోమీటరులు. అందు 2,166 నడిమిభాగము, 445 వెలిభాగము. 2016లో జిల్లాలు విభజింపబడినప్పుడు అమ్రాబాదు, అచ్చంపేట ప్రాంతములు నాగరుకర్నూలు జిల్లాలో చేరినవి. దేవరకొండ వైపున కొంత యడవి నల్లగొండ జిల్లాలోనే నిలిచినది.

ఇక త్రోవ సంగతి. హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు రాజమార్గమున కడ్తాలు, ఆమనగల్లు, వెల్దండ దాటి డిండి చేరవలెను. మహబూబునగరువారు జడ్చర్ల, కల్వకుర్తుల మీదుగను, నల్లగొండవారు దేవరకొండ మీదుగను వచ్చి ఈ మార్గమున కలియవచ్చును. డిండి దాటువరకు కనబడునది మనకు చిరపరిచితమైన మెట్టసీమ. ఎఱ్ఱనేలలు, గుండ్రని బండరాళ్లు, ఆముదపు చేలు, ప్రత్తిచేలు, అక్కడక్కడ తాటిచెట్లు. హాజీపురము గడచి మన్ననూరు చేరుసరికి కొండ యెదురగును. నగరమునుండి మన్ననూరునకు సుమారు 140 కిలోమీటరులు. తెల్లవారుజామున బయలుదేరినవారు ఎండ ముదరకముందే అచ్చటికి చేరుదురు. మన్ననూరున అటవీశాఖవారి తనిఖీద్వారము గలదు. రాత్రి 9 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు ఈ ద్వారము మూసి, అడవిమార్గమున బండ్లు పోనీయరు. రాత్రి మృగములు తిరుగు వేళ గనుక ఈ కట్టడి యేర్పడినది. దినమాత్రపు యాత్రికుడు దీనిని మనస్సున నుంచుకొని తిరుగు ప్రయాణపు వేళను ముందే నిర్ణయించుకొనవలెను.

అడవిలోనికి సొంతబండ్లను రానీయరు. అటవీశాఖవారి జీపులలో, వారి త్రోవచూపరి వెంట, ఏర్పఱచిన బాటలోనే పోవలెను. దీనినే సఫారీ యందురు. ఫరహాబాదు ద్వారమున లోనికి ప్రవేశించి, కొండకొమ్మున నున్న దర్శనస్థలము వరకు పోయి, క్రిందనున్న లోయను చూచి మరలివత్తురు. 2021లో ఇచ్చట బసయు, సఫారీయు, కాలినడకయు కలిపిన యాత్రావిధానము కూడ మొదలిడిరి. వానకాలమున కొన్ని మాసములు పులుల యడవులలో సఫారీ మూయుట వాడుక గనుక, వెళ్లబోవువారు ముందుగ విచారించుకొనుట మంచిది.

త్రోవచూపరి లేనిచో నగరవాసికి అడవి యంతయు ఒక్కతీరుగనే కనబడును. అతడు ప్రక్కనున్నచో ప్రతి చెట్టును ఒక పేరు చెప్పును. మొసలివీపువలె పగిలిన బెరడు గలది నల్లమద్ది. నునుపైన తెల్లని బెరడు గలది చిరుమాను. తునికి ఆకుతో బీడీలు చుట్టుదురు. ఇప్పపువ్వు వేసవిలో రాలగా ఎలుగుబంటియు మనుష్యుడును పోటీపడి యేరుకొందురు. కొమ్మలు తెల్లగ నుండు తపసిచెట్టునుండి బంక కారును. దానిని మందులలో వాడుదురు. వెదురుపొదలు, ఉసిరిక, మోదుగ, టేకు, ఏగిస చెట్లు ఎడనెడ గలవు. ఇది ఆకురాల్చు మెట్టయడవి. భాద్రపదమాసమున చూచినవానికి పచ్చని తెరవలె నుండును. ఫాల్గుణమున చూచినవానికి కొమ్మలే కనబడును. ఆకు లేనప్పుడు అడవి చచ్చినదని చూపరులు తలతురు. కాని చెట్లు ఎండకాలమున నీటిని పొదుపు చేయుటకై ఆకులు రాల్చుచున్నవి. తొలకరి చినుకు పడగనే చిగిర్చును. అయితే ఆ రాలిన ఎండుటాకులలో ఆరని బీడీముక్క ఒకటి పడినచో కొండలు కాలిపోవును. అందుచేతనే వేసవికి ముందు అటవీశాఖవారు బాటల వెంట ఆకులు ఊడ్చి అగ్నిరేఖలు తీయుదురు.

మృగములలో చుక్కలదుప్పి, కణుజు, మనుబోతు, కొండగొఱ్ఱె, అడవిపంది ఈ యడవియందు గలవు. వానిని తిని బ్రతుకు పెద్దపులి, చిరుతపులి, రేచుకుక్క కలవు. ఎలుగుబంటి చెదపుట్టలను త్రవ్వును. వీనిని కనుగొను విద్యలో చెవికే మొదటి పని. కొండముచ్చు చెట్టుకొననుండి చూచుచుండును. పులి కదలిక కనబడగనే అది ఖంగుమని దగ్గినట్లు అరచును. దానిని విని దుప్పులు కూతపెట్టి కాలు నేలకు తాటించును. ఆ కేకలు ఏ దిక్కునుండి వచ్చుచున్నవో, ఎటు జరుగుచున్నవో గమనించి, పులి ఎటు నడచుచున్నదో త్రోవచూపరి చెప్పగలడు. జీపులోనివారు మాటలాడుచున్నచో ఈ వార్త వినబడదు. మౌనముగ నుండుమని అతడు కోరుట మర్యాదకొఱకు మాత్రమే కాదు.

రెండవ పని కంటిది. దుమ్మునేలపై అడుగుజాడ లున్నచో ఆగి చూడవలెను. కుక్కజాతి జాడలో వ్రేళ్ల ముందు గోళ్ల గుఱుతులు పడును. పిల్లిజాతి నడచునప్పుడు గోళ్లను లోనికి ముడుచుకొనును గనుక పులిజాడలో అవి కానరావు. నాలుగు వ్రేళ్ల ముద్రలు, వెనుక పెద్దమెత్త ముద్రయు మాత్రముండును. మగపులి జాడ చతురముగ నుండును. ఆడపులి జాడ కొంచెము కోలగ నుండును. చెట్టు బెరడుపై గోళ్లతో గీచిన చారలు, పొదలపై చల్లిన వాసన, ఇవి పులి తన యెల్లలను తెలుపు గుఱుతులు.

ఇన్ని గుఱుతులు చూచినను పులి కనబడునా యని ప్రతివాడును అడుగును. మెండుగ కనబడదు అనియే సత్యమైన ప్రత్యుత్తరము. దీనికి కారణము లెక్కలో నున్నది. ఒక పులి వారమునకు ఒకటి చొప్పున ఏడాదికి సుమారు 50 పెద్దమృగములను తినును. మంద తఱుగకుండ నుండవలెనన్నచో అందు పదియవ వంతుకంటె మించి చావరాదు. అనగా ఒక పులి బ్రతుకుటకు 500 మృగముల మంద కావలెను. అన్ని మృగములు మేయుటకు ఎంత గడ్డి, ఎంత నీరు, ఎంత నేల కావలెనో ఊహింపుడు. కావున పులులు దట్టముగ నుండవు. మెట్టయడవిలో గడ్డి తక్కువ గనుక మఱింత పలుచనగ నుండును. 2022 నాటి గణనములో దేశమంతటను పులులు సుమారు 3,682 అని తేలినది. 2006లో అవి 1,411 మాత్రమే.

ఈ గణన మెట్లు జరుగునో కూడ తెలిసికొనదగినది. పూర్వము అడుగుజాడలను అద్దముపై గీచి లెక్కించెడివారు. ఒకే పులి జాడ రెండుచోట్ల వేఱువేఱుగ కనబడి లెక్క తప్పుచుండుటచే ఆ పద్ధతిని విడిచిరి. ఇప్పుడు బాటకు ఇరుప్రక్కల రెండు కెమెరాలను కట్టుదురు. పులి వాని ముందునుండి పోగనే అవి తమంత తామే దాని రెండు ప్రక్కల చిత్రములను తీయును. మనుష్యుల వ్రేలిముద్రలవలె ఏ రెండు పులుల చారలును ఒక్కటిగ నుండవు. కావున చారలనుబట్టి ఈ పులి ఈ పులియే యని నిశ్చయింతురు. యాత్రికుడు పులిని చూడకున్నను, పులి ఆతనిని చూచియుండవచ్చును. ఆ మఱునాటి రాత్రి ఆ బాటనే నడచి కెమెరాకు చిక్కియుండవచ్చును.

సఫారీ ముగిసిన పిదప పగలు మిగిలియున్నచో చూడదగిన స్థలములు రెండు. వటవర్లపల్లి దాపున మల్లెలతీర్థము కలదు. అనేకమైన మెట్లు దిగి పోగా, రాతిగోడపైనుండి నీరు జాలువాఱుచుండును. తిరుగుదారిలో, మన్ననూరునకు ఈవల, రంగాపురము చెంత ఉమామహేశ్వరము కలదు. దీనిని శ్రీశైలమునకు ఉత్తరద్వార మందురు. తక్కిన మూడు ద్వారములు త్రిపురాంతకము, సిద్ధవటము, అలంపురము. ఈ రెండు స్థలములలో నీటిని చూచి విద్యార్థులు ఒక పాఠము నేర్వవలెను. మన మెట్టసీమలో వాన కొద్దినాళ్లలో కురిసి వెలియును. బోడికొండపై పడిన వాన ఒక్కపూటలో మన్నుతో కూడ కొట్టుకొనిపోవును. ఆకుమన్ను కప్పిన అడవికొండపై పడిన వాన మెల్లగ ఇంకి, రాతిసందులలో దాగి, నెలలకొలది ఊటయై కారును. ఆ ఊటలే వాగులై డిండిలోను కృష్ణలోను కలియుచున్నవి. పులికొఱకు కాపాడిన అడవి మన చేలకును పనికివచ్చుచున్నది.

ఈ యడవిని గూర్చి చెప్పుచు చెంచులను మఱచినచో సగమే చెప్పినట్లగును. వేట, దుంపలు, తేనె వారి ప్రాచీనజీవనము. వారి పల్లెలను పెంటలందురు. నారత్రాళ్లపై కొండచఱియలను దిగి వారు తేనె తీయుదురు. గిరిజన సహకారసంస్థవారు ఆ తేనెను, తపసిబంకను కొనుచున్నారు. చైత్రపూర్ణిమ సమయమున లోయలోని సలేశ్వరమున జరుగు జాతరకు చెంచులే పూజారులు. 1940లో ఆస్ట్రియాదేశీయుడైన హైమెండార్ఫు పండితుడు భార్యతో కూడ ఈ పీఠభూమిపై వారి నడుమ నుండి, వారి జీవనమును గూర్చి వ్రాసిన గ్రంథము 1943లో అచ్చుపడినది. పులుల రక్షణకై అడవిలో ఏర్పఱచిన శిబిరములలో నేడు చెంచులు కావలివారుగ పనిచేయుచున్నారు. కెమెరాలు ఎచ్చట కట్టవలెనో, ఏ మడుగున నీరు ఎన్నినాళ్లుండునో వారికి తెలిసినట్లు మఱి యెవరికి తెలియును?

ఇచ్చట ఒక కఠినమైన ప్రశ్న గలదు. పులుల నడిమిభాగమున జనవాసము లుండరాదనుట ప్రభుత్వపు ఉద్దేశము. వెలుపలికి పోవుటకు సమ్మతించిన కుటుంబమునకు ముందు 10 లక్షల రూపాయలు ఇచ్చెడివారు. 2021లో దానిని 15 లక్షలకు పెంచిరి. శాసనమునుబట్టి సమ్మతి లేక ఎవరిని కదలింపరాదు. 2006లో వచ్చిన అటవీహక్కుల శాసనము అడవివాసులకు నేలపైని, తేనె మొదలగు ఫలసాయముపైని హక్కు నిచ్చినది. పోవుట మంచిదనువారు పాఠశాల, వైద్యశాల, బాట దగ్గరగ నుండునని చెప్పుదురు. మనుష్యసంచారము తగ్గి మృగములు పెరుగునని చెప్పుదురు. వలదనువారు, పులియు చెంచును ఇన్ని తరములు కలసియే బ్రతికిరి గదా యనియు, అడవి తప్ప వేఱు విద్య యెఱుగనివాడు బయట కూలియై, డబ్బు ఖర్చయిన పిదప దిక్కులేనివాడగుననియు చెప్పుదురు. రెండు మాటలలోను సత్యము గలదు. మాకు తోచినంతవఱకు, తీర్పు చెప్పవలసినవాడు చెంచే. అతనికి అక్షరజ్ఞానము, సంగతి తెలిసికొను అవకాశము కలిగించి, అవుననుటకును కాదనుటకును సమానమైన స్వేచ్ఛ నొసగుట నాగరికుల ధర్మము. ఇట్టి పనిలోనే పాఠశాలల యక్కఱ యెక్కువ.

చెంచుల మాటకు నాగరికుల మాట తోడైన సందర్భ మొకటి ఇటీవలనే జరిగినది. ఈ కొండలలో యురేనియము అన్వేషణము జరుగునను వార్త 2019లో పుట్టినప్పుడు అమ్రాబాదు, పదర ప్రాంతములవారు వలదని లేచిరి. నగరమందలి విద్యార్థులు, రచయితలు, నటులు వారితో గొంతు కలిపిరి. ఆ యేడు సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ, నల్లమలలో యురేనియము త్రవ్వకము వలదని ఏకగ్రీవముగ తీర్మానించెను. అడవిని ఒక్కమారైన చూచినవానికి అడవి మాట పట్టును. దినమాత్రపు యాత్రకు ఇదియే గొప్ప ప్రయోజనమని మేము తలంచుచున్నాము.

కాని యాత్రికుడు కీడును చేయగలడు. బాటప్రక్క బండి నాపి కోతులకు అరటిపండ్లు విసరువారు అది పుణ్యమని తలతురు. ఆ కోతులు అడవిలో ఫలము లేరుకొనుట మాని బాటపై కాచియుండి, చక్రముల క్రింద పడి చచ్చుచున్నవి. ప్లాస్టిక్ సంచులను ఆహారపు వాసనకు దుప్పులు మ్రింగి కడుపు మూసికొని చచ్చును. అతివేగముగ పోవు బండికి పాము, కుందేలు, జింక అడ్డము వచ్చినను అది ఆగలేదు. కావున యాత్రికులు పాటింపవలసిన నియమములు కొద్దియే. తెచ్చిన ప్రతి వస్తువును తిరిగి తీసికొనిపోవలెను. మృగముల కేమియు పెట్టరాదు. అగ్గిపుల్ల గీయరాదు. కేకలు, పాటలపెట్టెలు వలదు. పెంటలలోని జనులను వారి సెలవు లేక ఛాయాచిత్రములు తీయరాదు. వారు ప్రదర్శనవస్తువులు కారు. తేనె కొనినచో ధరలో బేరమాడి వారి కష్టమును తగ్గింపరాదు.

మన ఇంటికి చుట్టము వచ్చినప్పుడు కాళ్లు కడుగుకొని లోనికి వచ్చును, పెట్టినది తినును, ఇల్లాలిని నొప్పింపక సెలవు తీసికొని పోవును. అడవికి పోవువాడును అట్టి చుట్టమే. ఆ యింటివారిలో కొందఱు నాలుగుకాళ్లవారు, కొందఱు రెండుకాళ్లవారు. అందఱికంటె తక్కువ హక్కు గలవాడు సాయంకాలమునకు వెడలిపోవువాడు. దైవము తొలిమానవుని తోటలో నుంచినప్పుడు దానిని సేద్యపఱచి కాచుటకే యుంచెనని మన బాలురు బైబిలు పాఠములో చదివియున్నారు.

విద్యార్థులారా, వచ్చు సెలవులలో మీరు శ్రీశైలపు త్రోవను పోవునప్పుడు డిండి దాటినది మొదలు మేలుకొని కూర్చుండుడు. వీలైనచో మన్ననూరున దిగి, ఒక పగలు అచ్చట గడపుడు. పులి కనబడకున్నచో విచారింపకుడు. నల్లమద్దిని బెరడునుబట్టి గుర్తింపగలిగి, దుప్పి కూతను విని పేరు చెప్పగలిగి, ఒక చెంచుబాలునితో నాలుగు మాటలు సమానునిగ మాటలాడగలిగినచో, మీ యాత్ర సఫలమైనట్లే.